నోరు తెరిచి అడిగిన బియ్యం

నాచారం,
8-9-1968

చిరంజీవి ఉమాపతికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అందులో మూడోవాడు మరీ బాగున్నాడు. తెల్లవారిందంటే వాడి కేకల ముందు మల్లాపూర్ ఫ్యాక్టరీల సైరన్లు చిన్నబోతున్నాయి. వీడు పెరిగితే నీలా ప్లీడరవుతాడని మీ బావగారు అంటున్నారు. పొగిడారో తిట్టారో నువ్వే తేల్చుకో.

నీ సీనియరు గంగాధరరావుగారు ఇంకా నీ చేత వాయిదాలు అడిగించడమేనా, ఏదైనా కేసు చేతికిచ్చారా? అమ్మ మోకాళ్ళకు నేను పంపిన తైలం రాస్తున్నావా, లేక సీసా అటకెక్కిందా?

అసలు సంగతికి వస్తాను. పిల్లవాడికి ఆరో నెల వచ్చింది. అన్నం ముట్టించాలి. ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. రెండోదాన్ని చేతుల మీద తీసుకెళ్ళినవాడివి నువ్వే కాబట్టి నీకు నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకని వీడు కడుపులో ఉన్నప్పుడే ఒకటి మొక్కుకున్నాను. తాతయ్యకు పిచ్చయ్య అన్న పేరు ఎందుకొచ్చిందో గుర్తుందిగా? పిల్లలు దక్కకపోతే ముత్తవ్వ కొంగు పట్టి వీధిలో భిక్షమెత్తింది. ఆ బియ్యమే వండి ఆయనకు మొదటి ముద్దా పెట్టింది, ఆ పేరూ పెట్టింది. ఆయన డెబ్భై ఏళ్ళు బతికి మనందరినీ సతాయించి మరీ పోయాడు. నేనూ అలాగే ఎత్తుతాను.

ఈ మాట మొదట మా పక్కింటి దానమ్మతో అన్నాను. వాళ్ళది భువనగిరి వైపు. ఆమె భర్త అబ్రహాం మల్లాపూర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆదివారం ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోతారు. నవ్వుతుందేమో అనుకున్నాను గానీ నవ్వలేదు. "గిండ్ల సిగ్గేందమ్మా? మా అవ్వ గూడ ఎత్తింది. నోరు తెరిసి అడగాలె. అడగకుంట వచ్చింది భిక్షం గాదు. పేరు జెప్పొద్దు, ఇల్లు జెప్పొద్దు. జర పాస్టరుగారికి మాత్రం నేను జెప్పిన్నని అనకు, నన్ను ప్రభువు బల్లకాడికి రానియ్యడు" అంది.

మన ముత్తవ్వ పద్ధతీ అచ్చం అదే. తెలిసినవాళ్ళు పెట్టింది లెక్కకు రాదు. ఆ బియ్యం ఉడికి బిడ్డ నోట్లో పడేదాకా ఎత్తిన మనిషికి పేరూ లేదు, ఇల్లూ లేదు. నాచారంలో అందరూ నన్నెరుగుదురు కాబట్టి, ఈ శనివారం కాక పై శనివారం ఉప్పల్ అంగడికి వెళ్తాను. పిల్లవాణ్ణి ఆ పూట దానమ్మ చూస్తానంది. మీ బావగారికి చెప్పలేదు. స్టోర్సులో గుమాస్తా భార్య బిచ్చమెత్తిందంటే ఫ్యాక్టరీలో తల ఎత్తుకోలేనంటారు. నువ్వూ చెప్పకు.

నీ అక్క,
త్రిపురసుందరి

---

బాపట్ల,
22-9-1968

అక్కయ్యా,

నమస్కారం. నీ ఉత్తరం వచ్చి వారమైందట. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో భద్రంగా పెట్టి మరిచిపోయింది. ఈ రోజు గంజి కాచబోతే దొరికింది. నీ తైలం సీసా అటక మీదే ఉంది. అబద్ధమాడే అలవాటు నాకు కోర్టు బయట లేదు.

తాతయ్య బతికింది ముత్తవ్వ ఎత్తిన బియ్యంతో కాదు, తన మొండితనంతో. బి.ఏ. దాకా చదివావు, రేడియోలో నాటకాలు వింటావు, నీకిదేం పోయేకాలం? పైగా మీ హైదరాబాదులో వీధుల్లో అడుక్కోవడం మీద నిషేధం ఉంది. పాతకాలపు చట్టం, ఇంకా బతికే ఉంది. ఎవడో కానిస్టేబులు నీ కొంగు చూసి చెయ్యి పట్టుకుంటే బావగారి తల సంగతి అటుంచి, నా తల ఎక్కడ పెట్టుకోను? ఉప్పల్ వెళ్ళకు. డాక్టరుకు చూపించి చక్కగా ఇంట్లో వండిన అన్నం పెట్టు.

మేనల్లుడికి నా ముద్దులు. ప్లీడరవుతాడన్న మాటను నేను పొగడ్తగానే తీసుకున్నాను.

ఉమాపతి

---

బెగ్గర్ హోమ్ ఆఫీసు నుంచి,
30-9-1968

ఉమాపతీ,

పై అడ్రసు చూసి కంగారు పడకు అని రాద్దామనుకున్నాను. కానీ కంగారు పడవలసిన సంగతే. నీ ఉత్తరం నాకంటే ఆలస్యంగా చేరింది. మీ బావగారు నిన్న తెచ్చి చూపించారు.

ఉప్పల్ అంగడిలో మొదట గొంతు రాలేదు. కూరగాయల వాళ్ళ మధ్య కొంగు పట్టుకుని దొంగలా నిలబడ్డాను. చివరికి గాజులమ్మే ఒక ముసలామె "ఏందమ్మా, గట్ల సూస్తవ్?" అనేసరికి నోటికి మాట వచ్చింది. "ఇల్లు లేనిదాన్ని, వాకిలి లేనిదాన్ని, బిడ్డ బువ్వకు పిడికెడు పెట్టండి" అన్నాను. ఆమె పక్కవాళ్ళ దగ్గర అప్పుతెచ్చి పెట్టింది. ఆ తర్వాత సిగ్గు పోయింది. ఎవరెవరో పెట్టారు, కొందరు తిట్టారు. బస్సుల దగ్గరికి వచ్చేసరికి కొంగులో బరువు తెలిసింది. ఉమాపతీ, నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అక్కడే వ్యాను ఆగి ఉంది. గాంధీగారి శతజయంతికి రోడ్లు శుభ్రం చేస్తున్నారట. అందులోకి ఎక్కించాక కానిస్టేబులు అడిగాడు, "నీ పేరేంది? ఇల్లేడ?" అని. కొంగులో బియ్యం ఉంది కదా, పేరెలా చెప్పను? పేరు లేదు, ఇల్లు లేదు, బిడ్డ కోసం అడుక్కుంటున్నానన్నాను. అలాగే రాసుకున్నాడు. మర్నాడు మేజిస్ట్రేటుగారు అడిగినా అదే అన్నాను. బియ్యం తీసుకుని మూటకట్టి లక్క ముద్ర వేశారు. అది కేసులో సాక్ష్యమట.

మీ బావగారు వెతుక్కుంటూ వచ్చేసరికి నా పేరు బయటపడింది. ఇక ఆ బియ్యం ఇచ్చినా పనికిరాదు. భర్త జామీనుతో పాటు, ఇకపై బహిరంగ స్థలంలో ఎవరినీ ఏమీ అడగనని నేనొక హామీపత్రం రాసిస్తే వదిలేస్తామన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. ఎందుకంటే (ఇక్కడ నల్ల సిరాతో మూడు పంక్తులు కొట్టివేత).

పిల్లవాడు దానమ్మ దగ్గర ఉన్నాడు. ఇక్కడ పిల్లలకు తట్టు పోసింది కాబట్టి తెచ్చుకోలేదు. నాకు పాలు పొంగి రవిక తడిసినప్పుడల్లా గోడకు తిరిగి కూర్చుంటున్నాను. నువ్వు (కొట్టివేత).

త్రిపురసుందరి

---

బాపట్ల,
8-10-1968

అక్కయ్యా,

చదివాను. అమ్మకు చెప్పలేదు. నువ్వు మీ ఆడపడుచు పురిటికి వెళ్ళావని చెప్పాను. కోర్టు బయట కూడా అబద్ధమాడడం మొదలుపెట్టాను, చూడు.

నా రక్తం ఉడికిపోతోంది. మొదటి కోపం బావగారి మీద. నీ ఉత్తరంలో కొట్టేసిన పంక్తుల్లో ఏముందో నాకు తెలియదా? ఇంట్లో బియ్యం నిండుకుంటే తప్ప ఆడది అంగడిలో అంతసేపు నిలబడదు. మొక్కు అన్నది నన్ను ఓదార్చడానికి రాసిన సాకు అని ఇప్పుడనిపిస్తోంది. ఆయనకు నాలుగు మాటలు గట్టిగా రాశాను. నీ కాపురంలో తల దూర్చానని కోప్పడకు.

రెండోది, నువ్వు సంతకం పెట్టనన్న మాట. అక్కయ్యా, ఆ ఒక్క మాటతో నువ్వు నా గురువయ్యావు! ఆ హామీపత్రం అర్థమేమిటి? ఈ దేశంలో ఒక మనిషి ఇంకో మనిషి ముందు నోరు తెరిచి "నాకు లేదు, పెట్టండి" అనకూడదని. మాట కాక మరేమిటది? రాజ్యాంగం పందొమ్మిదో అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం కడుపు నిండినవాడి ఉపన్యాసాలకేనా? ఎన్నికల్లో ఓటు అడుక్కోవచ్చు, సభలో చందా అడుక్కోవచ్చు, తల్లి పిడికెడు బియ్యం అడగకూడదా? చైనా యుద్ధంనాటి ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాదైనా కాలేదు, ఆ అధికరణం ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంది. దాన్ని నీ కేసుతో నడిపిస్తాను. గంగాధరరావుగారు "బిచ్చమెత్తడానికి రిట్టేమిటయ్యా?" అని పొడుం పీల్చి నవ్వారు. నవ్వనీ.

నువ్వు మాత్రం గట్టిగా నిలబడు. సంతకం పెట్టకు.

ఉమాపతి

---

బెగ్గర్ హోమ్ ఆఫీసు నుంచి,
17-10-1968

తమ్ముడూ,

మీ బావగారిని అన్ని మాటలు ఎందుకన్నావు? ఆ ఉత్తరం నాకు చూపించి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో బియ్యం ఉన్నాయి. ఆయన రేషను దుకాణంలో వరసలో నిలబడి తెచ్చినవి, నేను వచ్చేనాటికి సగం డబ్బా ఉన్నాయి. మీ బావ కనకరాజుగారి ఇంట్లో ఎవరూ పస్తులు లేరు. ఆయన తప్పల్లా ఒకటే, నేను పుట్టింటికి వెళ్ళానని ఫ్యాక్టరీలో చెప్పడం. నువ్వు ఆడపడుచు ఇంటికన్నావు, ఆయన పుట్టింటికన్నారు. ఇద్దరూ కలిసి నన్ను ఎక్కడా లేకుండా చేశారు.

నేను హక్కు కోసం కూర్చోలేదు. నా మొక్కు (కొట్టివేత). ఇంకొక్కసారి (కొట్టివేత) అయిపోతే సంతకం పెడతాను.

మా ఉత్తరాలు సూపరింటెండెంటుగారు చదివి పంపుతారు. చెడ్డమనిషి కాదు. "అమ్మా, ఇక్కడున్నోళ్లు అడిగే మాట బయటికి పోవద్దని రూలు. మీ తమ్ముణ్ణే అడిగినా అడిగినట్టే" అన్నాడు. దువ్వెన పంపమని రాసినా కొట్టేస్తాడు. అడగకుండా ఉత్తరం రాయడం నేర్చుకుంటున్నాను. నువ్వూ ప్రయత్నించి చూడు, రెండో వాక్యానికే ఆగిపోతావు.

నా పక్క చాపలో పాపమ్మ అని ఒకామె ఉంది. హబ్సిగూడ బస్సు స్టాపులో పాడేది. ఇది ఆమెకు మూడోసారి. "నేను పాడిననమ్మా, అడగలే. పాట ఇని పైసలేసిన్రు. అడగకుంటనే అడిగినవంటే ఏం జెప్పాలె?" అంటుంది. ఆమె అడగలేదంటే నమ్మలేదు. నేను అడిగానంటే ఒక్క నిమిషంలో నమ్మారు. ఆమె గొంతు బాగుంటుంది. ఇక్కడ మాత్రం పాడనివ్వరు.

త్రిపురసుందరి

---

బాపట్ల,
28-10-1968

అక్కయ్యా,

బావగారికి క్షమాపణ రాశాను. ఆయన నుంచి జవాబు లేదు, నాకు అంతే కావాలి.

నీ కొట్టివేతలు చూస్తుంటే నాకు బలం వస్తోంది. హక్కు కోసం కాదని నువ్వు రాసింది ఆ చదివే కళ్ళ కోసమేనని అర్థమైంది. మొక్కు సంగతి ఆ లక్క ముద్రతోనే పోయి ఉంటుంది. ఇప్పుడు నువ్వు నిలబడ్డది అంతకంటే పెద్దదాని మీద. దువ్వెన వేరే పార్సెలులో పంపాను. నువ్వు అడగలేదు కాబట్టి ఎవరూ కొట్టేయలేరు.

ఇక మంచి కబురు. హైదరాబాదులో మా సీనియరుగారి స్నేహితుడు రామ్మోహనరావుగారు నీ తరఫున నిలబడతారు. రిట్టు తర్వాత, ముందు మేజిస్ట్రేటు దగ్గర కేసు కొట్టేయించుకుందామన్నారు. ఆయన తయారుచేసిన దరఖాస్తులో ముఖ్యభాగం రాస్తున్నాను: "దరఖాస్తుదారు గౌరవనీయ కుటుంబ స్త్రీ, విద్యావంతురాలు, ఫ్యాక్టరీ ఉద్యోగి భార్య. ఆమెకు యాచించవలసిన అవసరం ఎన్నడూ లేదు. సదరు దినమున ఆమె చేసినది యాచన కాదు, కులాచారముగా జరుపు ఒక లాంఛనము మాత్రమే. కావున ఆమె యాచకురాలు కాదు." నాకు వాక్ స్వాతంత్ర్యం వాదనే ఇష్టం. కానీ ఆయన, "ముందు మీ అక్కగారు ఇంటికి రావాలా, సిద్ధాంతం రావాలా?" అన్నారు. నోరు మూసుకున్నాను.

విచారణ నవంబరు నెలాఖరున. సంతకం పెట్టకు. పెడితే నేరం ఒప్పుకున్నట్టే.

ఉమాపతి

---

9-11-1968

ఉమాపతీ,

ఈ ఉత్తరం దానమ్మ రవికలో పెట్టుకుని బయటికి తెస్తుంది. ఎవరూ చదవరు, ఏదీ కొట్టేయరు. కాబట్టి ఒక్కసారైనా సరిగ్గా చదువు.

నేను నీ అధికరణం కోసం ఇక్కడ లేను. మొక్కు తీరలేదు, అందుకే సంతకం పెట్టలేదు. ఎత్తిన బియ్యం పోయాయి కాబట్టి మళ్ళీ ఎత్తాలి. ఇంకెప్పుడూ అడగనని సంతకం చేసి, గేటు దాటగానే అడిగితే అది దేవుడి దగ్గర అబద్ధం. నా బిడ్డ నోట్లో పెట్టే మొదటి ముద్దలో అబద్ధం కలపలేను. అడగకుండా ఇంట్లో అన్నం పెట్టేద్దామా అంటే, చెయ్యి రాదు. ముందు ఇద్దరికీ అలాగే పెట్టాను. వెండి గిన్నెలో, నేతితో, ముహూర్తం చూసి పెట్టాను. నీకు నవ్వొస్తే నవ్వు. నాకు భయం. పగలంతా భయం, కన్ను మూస్తే భయం. సంతకం పెడితే వాణ్ణి చూస్తాను గానీ తినిపించలేను. పెట్టకపోతే చూడనుకూడా చూడను. ఎటు తిరిగినా నాకు గోడే తగులుతోంది.

మొన్న మీ బావగారు వచ్చారు. పిల్లవాడు పాలు సరిగా తాగడం లేదట, చేతులు సన్నబడ్డాయట. "అబద్ధమో నిజమో, సంతకం పెట్టు సుందరీ. నా వల్ల కావడం లేదు" అని ఏడ్చారు. ఆయన ఏడవడం నేను ఇద్దరు పిల్లలు పోయినప్పుడు కూడా చూడలేదు. కలం చేతిలోకి తీసుకున్నాను. సూపరింటెండెంటుగారు కాగితం కూడా తిప్పి పెట్టారు. మొదటి అక్షరం రాశాక చెయ్యి ఆగిపోయింది. మీ బావగారు లేచి వెళ్ళిపోయారు. నేను రాయిని అనుకుని ఉంటారు. ఎనిమిదో నెల దాటితే తనే అన్నం పెట్టేస్తానని దానమ్మతో అన్నారట. దానమ్మ, "ఆగుండ్రి అన్నా, అమ్మ వచ్చేదాక నేను గంజినీళ్లు గూడ ముట్టియ్య" అందట. ఎన్నాళ్ళు ఆపగలదు?

ఇక నీ దరఖాస్తు. లాంఛనం అని రాయించావు. ఆ మాట నాకు మంటపుట్టించింది. నేను అడగలేదా? గాజులావిడ ముందు నా గొంతు ఎలా వణికిందో నీకు తెలుసా? ఒకడు చిల్లర విసిరి నా రవిక కేసి చూసి వెకిలిగా నవ్వాడు, అది లాంఛనమా? నాకు కావలసింది వాళ్ళు నిజంగా పెట్టడం, నేను నిజంగా అడగడం. అడగలేదని కోర్టు తీర్పిస్తే నేను ఎత్తినదంతా ఆటే అవుతుంది. గౌరవనీయ కుటుంబం కాబట్టి వదలండి అంటున్నావు. అయితే పాపమ్మను ఉంచేయమనేగా?

రామ్మోహనరావుగారి చేత ఇలా చెప్పించు: ఆమె అడిగింది. ఇంకొక్కసారి అడుగుతుంది. ఆ తర్వాత మీరు ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తుంది. ఇంతే.

దువ్వెన చేరింది. పాపమ్మ తల కూడా దువ్వుతున్నాను.

అక్క

---

బాపట్ల,
20-11-1968

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. నిన్ను జెండాలా పట్టుకుని ఊరేగుదామనుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

అయినా నువ్వు చెప్పమన్నది చెప్పించలేను. "ఇంకొక్కసారి అడుగుతాను" అంటే మేజిస్ట్రేటుకు వినపడేది ఒకటే, మళ్ళీ నేరం చేస్తాననడం. ఏడాదికి తక్కువ వెయ్యరు. ఒక్కసారికి అనుమతి అన్నది ఏ చట్టంలోనూ లేదు. నాకూ ఆ దరఖాస్తు ఇప్పుడు నచ్చడం లేదు. కానీ నిన్ను ఇంటికి చేర్చే దారి అదొక్కటే కనపడుతోంది. ఇంటికొచ్చాక నువ్వు సంతకం పెట్టలేదు కాబట్టి నిన్ను కట్టిపడేసేది ఏదీ ఉండదు. అప్పుడు నీ ఇష్టం, నేనే నీ కొంగు పట్టుకుని వెనక వస్తాను.

ఒక్కటి మాత్రం నా మాట విను. కోర్టులో రామ్మోహనరావుగారే మాట్లాడతారు. నువ్వు నోరు విప్పకు. ఏదైనా అడిగితే తల వంచుకుని నిలబడు చాలు. అమ్మకు జ్వరం, అందుకే రాలేకపోతున్నాను. లేకపోతే నీ పక్కనే ఉండేవాణ్ణి.

ఉమాపతి

---

2-12-1968

చిరంజీవి ఉమాపతికి,

ఇదీ దానమ్మ చేతే పంపుతున్నాను. రామ్మోహనరావుగారు ఈపాటికి నీకు టెలిగ్రాం కొట్టి ఉంటారు. ఆయన్ని ఏమీ అనకు, ఆయన బాగానే మాట్లాడారు. నాకు ఏడాది వేశారు.

జరిగింది చెబుతాను. హోమ్ నుంచి మమ్మల్ని ఒకే వ్యానులో తెచ్చి కోర్టు వరండాలో కూర్చోబెట్టారు. దానమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గర నిలబడింది. మీ బావగారు పక్కనే ఉన్నారు, నా వైపు చూడలేదు. వాడూ చూడలేదు. దానమ్మ మెడలో పూసల దండ లాగుతూ ఆడుకుంటున్నాడు. చేతులు నిజంగానే సన్నబడ్డాయి.

నాకంటే ముందు పాపమ్మను పిలిచారు. ఆమెకు వకీలు లేడు. "నేను అడగలే సారూ, పాడిన" అంది. వింటున్నట్టే విని రెండేళ్ళు రాశారు. తర్వాత నేను. రామ్మోహనరావుగారు గౌరవనీయ కుటుంబం అన్నారు, లాంఛనం అన్నారు, యాచకురాలు కాదన్నారు. మేజిస్ట్రేటుగారు తల ఊపుతున్నారు. పెద్దవయసాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నారు. వదిలేస్తారని నాకు తెలిసిపోయింది. కాగితం మీద కలం పెట్టి, అలవాటుగా అడిగారు. "నువ్వు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?" అని.

ఉమాపతీ, ఇన్నాళ్ళకు నన్ను నోరు తెరవమన్న మనిషి ఆయనొక్కడే. తల వంచుకుని నిలబడదామనే అనుకున్నాను, నీ మీద ఒట్టు. కానీ ఆ పూట నన్ను కేసు నంబరుతోనే పిలిచారు, వకీలుగారు తప్ప ఆ గదిలో నన్నెరిగినవాళ్ళు లేరు. ఇలా బయటి మనుషుల మధ్య నిలబడే రోజు మళ్ళీ వస్తుందో రాదో, వాడి ఎనిమిదో నెల దాటిపోతుందేమో అనిపించింది. కొంగు పట్టాను. "ఇల్లు లేనిదాన్ని, వాకిలి లేనిదాన్ని, నా బిడ్డ బువ్వకు పిడికెడు పెట్టండయ్యా" అన్నాను. గొంతు వణకలేదు.

రామ్మోహనరావుగారు చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, వద్దు" అన్నారు. బంట్రోతు "చుప్!" అని అరిచాడు. మేజిస్ట్రేటుగారు నా కొంగు కేసి చాలాసేపు చూశారు. నేను దించలేదు. తర్వాత ఆయన నెమ్మదిగా, "కోర్టు సమక్షంలోనే యాచించింది. ఇక లాంఛనమని ఎలా అనుకోను?" అని రాసుకుని, ఏడాది అని చదివి, భోజనానికి లేచిపోయారు. మీ బావగారు తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డారు.

మమ్మల్ని వ్యాను ఎక్కించారు. తలుపు వెయ్యబోతుంటే బంట్రోతు వచ్చాడు. అప్పుడు నన్ను కసిరినవాడే. చేతిలో టిఫిను క్యారియరు గిన్నె, దాంట్లో అన్నం. తెల్లగా, ఇంకా పొగలు పోతూ. "పట్టు. సాబ్ ఇచ్చిండని ఎవ్వలకు జెప్పకు. నేను గూడ జెప్పలే" అన్నాడు. కొంగులో పోసి గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన శిక్షా వేశాడు, భిక్షా వేశాడు. ఆ పూట ఆయన ఏం తిన్నాడో నాకు తెలియదు. నాకు ఆయన మీద కోపం రావడం లేదు, ఎంత ప్రయత్నించినా.

వండే పని కూడా లేకపోయింది. దానమ్మను కేకేశాను. కానిస్టేబులు చూసీ చూడనట్టు సిగరెట్టు ముట్టించుకున్నాడు. ఆమె పిల్లవాణ్ణి వ్యాను కిటికీ దాకా ఎత్తింది. ఊచల మధ్యనుంచి వేళ్ళు పట్టేంత సందు ఉంది. మెత్తగా మెదిపి వాడి పెదవులకు తాకించాను. మొదట ఉమ్మేశాడు. రెండోసారి చప్పరించాడు. మూడోసారి నా వేలు కొరికాడు. వాడికి రెండు పళ్ళొచ్చాయి, నాకు తెలియనే తెలియదు. పాపమ్మ వెనకనుంచి గట్టిగా పాట ఎత్తుకుంది, ఎవరూ ఆపలేదు. మీ బావగారు మెట్ల మీదనుంచి లేచి వచ్చి, దానమ్మ చేతుల కింద తన చేతులు పెట్టి వాణ్ణి ఇంకాస్త పైకెత్తారు. మిగిలిన అన్నం పొట్లం కట్టి ఆయనకే ఇచ్చాను. ఇప్పుడు వాడు ఇంట్లో వండిన అన్నం తింటున్నాడట. ఇక నాకు భయం లేదు.

నువ్వు అప్పీలు అంటావు. చెప్పుకోమని కోర్టే అడిగితే చెప్పిన మాట నేరమెలా అవుతుందని వాదిస్తావు, నాకు తెలుసు. వాదించు. కానీ నేను అడగలేదని మాత్రం ఎక్కడా రాయకు. అడిగాను, పెట్టారు, వాడు తిన్నాడు. అడగడమే తప్పు కాదని రాయగలిగితే రాయి, కింద పాపమ్మ పేరు కూడా రాయి. ఆమె అడగనేలేదు, ఆమెకు రెండేళ్ళు. నాకు ఇప్పుడు సంతకం పెట్టడానికి అభ్యంతరం లేదని సూపరింటెండెంటుగారితో అన్నాను. "శిక్ష పడ్డంక ఇగ కాగితం నడవదమ్మా" అన్నాడు. మొక్కు తీరాక తలుపు మూశారు.

పగలు పనిలో గడిచిపోతోంది, చాపలు అల్లిస్తున్నారు. సాయంత్రం వాడు నిద్రపోయే వేళకు మాత్రం ప్రాణం కొట్టుకుంటుంది. నేను ఇల్లు చేరేసరికి వాడు నడుస్తుంటాడు. దానమ్మను అమ్మా అంటుంటాడు, అనాలి కూడా. నన్ను చూసి ఆమె చీర వెనక దాక్కుంటాడు. అప్పుడు వాకిట్లో కూర్చుని చేతులు చాచి, ఒక్కసారి నా దగ్గరికి రమ్మని వాణ్ణే అడుక్కోవాలి. దానికి ఏ సెక్షనుందో చూసి ఉంచు.

ఆశీస్సులతో,
పిచ్చయ్య తల్లి